మూడో అమ్మాయి పుట్టుమచ్చ

తమ్ముడూ,

నువ్వు శుభ్రం చేసి పంపిన పాత నలుపు తెలుపు సినిమా డిస్కును, కాగితం, కలం దగ్గర పెట్టుకుని రెండుసార్లు చూశాను. వెన్నెల పాటలో గీతలూ మరకలూ పోయి, ఎవరో కలను ఉతికి ఆరేసినట్టుంది. కానీ నలభై ఒకటో నిమిషంలో ఒక పొరపాటు జరిగింది. పడవలో మూడో అమ్మాయి పెదవి పక్కనున్న నల్లచుక్కను దుమ్మనుకుని తుడిచేశావు. అది పుట్టుమచ్చ.

ఆ అమ్మాయి మన అమ్మ. ఫోనులో చెప్పే మాట కాదని రాస్తున్నాను.

నీకు ఏడాది నిండకుండానే అమ్మ పోయింది. ఆమె సినిమాలో గుంపులో నిలబడిందన్న మాట నాన్న ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఒక్క ఫొటో కూడా మిగల్చలేదు. ఆయన పోయాక కూడా నేనెందుకు చెప్పలేదో అడగకు.

ఆ షూటింగుకి నన్నూ తీసుకెళ్లింది. నాకప్పుడు ఆరేళ్లు. పొగతో మంచు, అట్టతో చంద్రుడు. "కదలకే పిచ్చిమొహమా, చంద్రుడు ఊడి నీ నెత్తిన పడతాడు!" అని పడవలోంచి నవ్వింది. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఆ పడవ నీళ్లు లేకుండానే సాగిపోతూ ఉంటుంది.

శుక్రవారం డిస్కులు తయారీకి వెళ్లేలోపు ఆ మచ్చ తిరిగి పెట్టు. అది లేకపోతే ఆమె ఎవరో అందమైన అమ్మాయి, అంతే.

పెట్టాక బొమ్మను అక్కడే ఆపి చూడు. మిగతావాళ్లందరి పూలబుట్టలూ నడుం మీద ఉంటే, అమ్మ మాత్రం పొట్టకు అడ్డంగా పట్టుకుంది. అమ్మకప్పుడు ఐదో నెల. ఆ బుట్ట వెనకాల ఉన్నది నువ్వేరా.

అక్క