శుక్రవారం రాని ఓటర్లు

ఉమ్ ఘువైలినా, దోహా
15 నవంబర్ 2025, శనివారం

మిత్రుడు తిరుమల్‌కు నిరంజన్ శనార్తులు.

నువ్వు క్షేమమనీ, నా మీద నీ కోపం అంతకంటే క్షేమమనీ తలుస్తాను. వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేశావు, ఫోన్ ఎత్తవు. అందుకే కాగితం పట్టాను. దీన్ని చింపేయొచ్చు. కానీ నువ్వు చదవకుండా చింపే రకం కాదు, చదివి చింపే రకం.

ముందు వార్త. గల్ఫ్ తెలుగు శ్రామిక ప్రతినిధి సభకు మన ఖతర్ శాఖ పంపిన ముగ్గురి ఎంపిక చెల్లదని మస్కట్‌లోని వివాదాల మండలి నిన్న తేల్చేసింది. ఆ ముగ్గురిలో మొదటి పేరు నీది. నెలలోగా మళ్లీ ఎన్నిక పెట్టాలట, ఈసారి నిజంగా ఓట్లతో. ఇలాగే జరుగుతుందని నేను మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాను. నువ్వు నవ్వావు.

అప్పీలుకు పోతావని విన్నాను. పోకు. ఎందుకో చెబుతాను, తిట్టుకుంటూనే విను.

ఆ రోజు ఎన్నికను మీరు శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి పెట్టారు. నేనూ వచ్చాను. హాల్లో ఉన్నదెవరు? ఇంజనీర్లు, అకౌంటెంట్లు, నాలాంటి స్టోర్ ఇన్‌ఛార్జులు. కోరం చాలలేదు. పది దాటగానే మైకు తీసుకుని నువ్వు అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది: “శుక్రవారం ఖతర్ మొత్తం సెలవే గదనే! ఇంట్ల పండుకొని రానోనిది తప్పు గాని, మనది తప్పా?” చప్పట్లు పడ్డాయి. కోరం లేకపోతే కార్యవర్గమే నిర్ణయించవచ్చన్న నియమం చదివారు, పది నిమిషాల్లో ముగ్గురిని ప్రకటించారు. ఆ నియమం దేనికి రాసుకున్నామయ్యా? పిక్నిక్ ఎక్కడ, హాలు ఏది అని తేల్చుకోవడానికి. ప్రతినిధుల్ని పుట్టించడానికి కాదు. మండలి కూడా సరిగ్గా ఆ మాటే అంది.

శుక్రవారం సెలవా? ఎవరికి? సైటు వాళ్లకు, ఆఫీసు వాళ్లకు. ఇళ్లలో వంట చేసే మన ఆడవాళ్లకు వారం మొత్తంలో నడుం విరిగే రోజు అదే. యజమానుల కొడుకులూ కోడళ్లూ మనవలూ అందరూ పెద్దింటికి భోజనానికి వచ్చే రోజు. హౌస్ డ్రైవర్లకు మార్కెట్టు, మసీదు, మళ్లీ చుట్టాల ఇళ్లు. ఆసుపత్రుల వాళ్లకు శుక్రవారమనీ ఆదివారమనీ తేడానే లేదు, ఈ సంగతి నీకు ఇంకొకరు చెప్పాలా? మన సభ్యుల్లో సగం మంది వీళ్లే. వాళ్లు పడుకుని ఉండటం వల్ల రాలేదా? పనిలో ఉన్నవాడి గైర్హాజరీని నువ్వు ఒప్పుదలగా లెక్కేశావు. దీన్ని నేను దొంగతనం అంటాను. నువ్వు పొరపాటు అను. పేరు ఏదైనా, సీటు నీది కాదు.

విచారణ సంగతి నీకు మీ లాయరు చెప్పే ఉంటాడు గానీ, అసలు ముచ్చట దాచి ఉంటాడు. నేను ఆన్‌లైన్‌లో చూశాను. మండలి వాళ్లూ ఉద్యోగస్తులే. అందరికీ వీలని విచారణను కూడా శుక్రవారం ఉదయమే పెట్టుకున్నారు! పేరు చెప్పి సాక్ష్యం ఇవ్వడానికి ఒప్పుకున్న ఒకే ఒక్కడు కడప ఇమామ్, అల్ వక్రాలో ఒక ఇంటి డ్రైవరు. చేపల మార్కెట్ బయట కారు ఆపుకుని ఫోన్లో కనబడ్డాడు. మీ లాయరు గొంతు సవరించుకుని, ఎన్నిక రోజు మీరు ఎందుకు రాలేదు, ఎవరైనా అడ్డుకున్నారా అని మొదలుపెట్టాడు. ఇమామ్ నోరు తెరిచాడో లేదో, “మా యజమాని, బాబా వస్తాండాడు సార్! చేతి నిండా చేపల సంచులు. నేను పోవల్ల, ఏమనుకోవద్దండి” అన్నాడు. తెర నల్లబడింది. మీ లాయరు ఇంకా తన ప్రశ్న చదువుతూనే ఉన్నాడు. మండలి పెద్దాయన కళ్లద్దాలు తీసి, “ఆయన జవాబు చెప్పే వెళ్లారండీ, తర్వాతి ప్రశ్నకు రండి” అన్నాడు.

ఇదంతా ఒక కుర్చీ కోసం గొడవ కాదని నీకు తెలుసు. వచ్చే సమావేశంలో సభ ముందుకు వచ్చే మొదటి తీర్మానం ఇంటి పనివాళ్ల వారపు సెలవు గురించి. ఆ తీర్మానం మీద ఖతర్ తరఫున చెయ్యెత్తే ముగ్గురికీ శుక్రవారం అంటే బిర్యానీ, క్రికెట్టు అయితే, ఇక ఆ చేతులు ఎందుకు?

ఏషియన్ టౌన్‌లో క్రికెట్ మైదానం పక్కన మడత బల్ల వేసుకుని మనిద్దరం సభ్యుల్ని చేర్చిన రోజులు నేను మర్చిపోలేదు. చేరి ఏం లాభమని ఒకాయన అడిగితే నువ్వు బల్ల మీద చెయ్యి చరిచి, “ఓటుంటది కాకా! నిన్నడగకుండ ఎవ్వడు నీ పేరు మీద మాట్లాడడు” అన్నావు. నేను నీ మీద పోరాడలేదు తిరుమల్. ఆ బల్ల దగ్గరి తిరుమల్ తరఫున పోరాడాను. అతడు గెలిచాడు.

ఇప్పుడు పోలింగ్ శుక్రవారం సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా, అల్ వక్రాలో ఒకచోట, ఏషియన్ టౌన్‌లో ఒకచోట. నిలబడు. వంటవాళ్ల ముందు, డ్రైవర్ల ముందు నిలబడి ఓటు అడుగు. నువ్వు బాగా మాట్లాడతావు, గెలిచినా గెలుస్తావు. అప్పుడు నీ మెళ్లో మొదటి దండ నేనే వేస్తాను. నాకున్న ఒక్క ఓటు నీకే అని మాత్రం మాట ఇవ్వను.

కోపం తీరకపోయినా సరే, చాయ్‌కి రా. తిట్లు ఎదురుగా కూర్చుని తిడితేనే బాగుంటాయి.

నీ పాత జతగాడు,
నిరంజన్

తా.క. కేసు వేసింది నేనని ఖతర్ అంతా అనుకుంటోంది. నేను కాదనలేదు. కానీ ఆ రోజు హాల్లో ఉన్నవాడికి కేసు వేసే హక్కే లేదు. డ్యూటీ వల్ల ఓటు పోయిన సభ్యులే వేయాలి. యజమానులు పగబడతారన్న భయంతో ఫిర్యాదీ పేరు తీర్పు దాకా మూసి ఉంచడం మండలి పద్ధతి. ఈ ఫిర్యాదీ పేరు బయటపెట్టడానికి ఒప్పుకుంది, రేపు నీకు అందే ప్రతిలో ఉంటుంది. ఇంకెవరు, నీ భార్య ప్రమీల. నువ్వు “ఇంట్ల పండుకొని రానోనిది తప్పు” అన్న శుక్రవారం ఆమె ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీలో ఉంది. ఈ ఉత్తరం కూడా ఆమె రాయించిందే: “నేను జెప్తె అలుగుతడన్నా. నువ్వు జెప్తె తిడ్తడు. తిట్టినంక చల్లవడ్తడు” అంది. మళ్లీ జరిగే ఎన్నికలో నిలబడతానని వేసిన మొదటి నామినేషన్ కూడా ఆమెదే. ఓటు గురించి నేను ఎందుకు మాట ఇవ్వలేదో ఇప్పుడు తెలిసింది కదా. శుక్రవారం ఆమె డ్యూటీ మూడింటికి దిగుతుంది. పోలింగ్‌కు ఇద్దరూ ఒకే కారులో రండి.