ఏ షిఫ్టు?

మన సరోజ బాపూ,

మన బొగ్గుగనుల గోదావరిఖనిలో ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే ముచ్చట ఎక్కడ మొదలవుతుందో నీకు తెలుసు. నల్లా దగ్గరైనా, రేషన్ షాపులోనైనా, పెళ్లి పందిట్లోనైనా ముందు "మీ ఇంటాయనది ఏ షిఫ్టు?" అనే అడుగుతారు. నువ్వు పోయాక ఆ మాట నన్నెవరూ అడగలేదు. నేను బిందెతో వెళ్తే నల్లా దగ్గర ముచ్చట్లు ఆగిపోయేవి. అందరూ పక్కకు జరిగి నన్నే ముందు పట్టుకోనిచ్చేవాళ్లు. ఆ జాలికి నాకు ఒళ్లు మండేది.

నువ్వు పోయి నేటికి ఏడాది. పది రోజుల నుంచి నేను దవాఖానలో ఆయా పనికి వెళ్తున్నాను. ఈ పొద్దున నల్లా దగ్గర పక్కింటి పోశక్క బిందె తోముతూ, తలెత్తకుండానే అడిగింది.

"ఈ వారం నీది ఏ షిఫ్టు?"

నీ షిఫ్టయితే నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. నాది చెప్పడానికి కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

"రెండో షిఫ్టు అక్కా. మధ్యాహ్నం పోవాలె."

"అయితే మస్తు టైమున్నది. ఎన్క నిలబడు. ఏం కూర వండినవ్?"

వంకాయ అని చెప్పి, అందరి వెనక నిలబడ్డాను. నా బిందె సగం నిండేసరికి నల్లా బందయింది. ఏడాదిలో మొదటిసారి మనింట్లో నీళ్లు తక్కువ పడ్డాయి.