తొలి బోనం

12 ఆగస్టు 2009
ఎయిర్‌పోర్ట్ కౌంటర్ల ఇయాల ఆఖరి రోజు. నవ్వి నవ్వి దౌడలు నొస్తున్నయి. ఇగ నవ్వ. నర్సింగ్ సీటొచ్చింది. గోవర్ధన్ చదువుకో, అమ్మకు నేను చెప్పుకుంట అన్నడు. గిసొంటి మొగడు ఎవ్వలకు దొరుకుతడు?

3 జనవరి 2010
అప్పుడు ఎయిర్‌పోర్ట్ ఐడీ కార్డు మెడలేసుకొని మా ఊరు పాల్మాకులల బస్సు దిగితె, నన్ను చూసి మాధవీలత మేడం వచ్చిందనేటోళ్లు. ఇయాల వార్డు ట్రైనింగ్ నుంచి వస్తె, అత్త నా గిలాస పక్కకు పెట్టింది. గోవర్ధన్ చూసి బయటికి పోయిండు.

4 మార్చి 2013
నౌకరి దొరికింది! శంషాబాద్ల ప్రైవేట్ దవాఖాన, జనరల్ వార్డు. దగ్గర్నే కిరాయికి రూం తీసుకున్నం.

16 జులై 2013
ఊర్లె బోనాలు ఎప్పుడని గోవర్ధన్‌ను అడిగిన. క్యాబ్ తోలుకుంట రోజు ఊరికి పోతడు గదా, ఆయనకే ఎరుక. 28 ఆదివారం అన్నడు. పెద్దకోడల్ని, ఇంటి తొలి బోనం నాదే. పెండ్లయినప్పటి సంది ఒక్క ఏడు తప్పలే. ఆ రోజు సెలవు కోసం 21న డబుల్ డ్యూటీ ఒప్పుకున్న.

21 జులై, సాయంత్రం
మా ఊరి శివమ్మను ఆటోల తెచ్చిండ్రు. ఉపాసముండి ఎండల కండ్లు తిరిగినయంట. కాళ్లకు పసుపు, కొప్పుల యాపాకు. బోనాలకు ఇంక వారముంది గదా, నాకు అర్థం కాలే.

బీపీ చూస్తుంటె తనే చెప్పింది. పొద్దుగాలనే ఊరి బోనాలయినయంట. నేను ముట్టయిన్నని గోవర్ధన్ అందరికి చెప్పిండంట. తొలి బోనం నా తోటికోడలు స్వరాజ్యం ఎత్తుకుందంట. నీకు నొప్పి తగ్గిందా బిడ్డా అని నన్నే అడిగింది.

సెలైన్ పెట్టిన. తర్వాత బాత్రూంల కూసొని ఏడ్చిన.

22 జులై
గోవర్ధన్‌ను నిలదీసిన. ముందు బుకాయించిండు. ఆఖరికి ఒప్పుకున్నడు. రోగుల గలీజు ఎత్తిన చేతులతోని అమ్మవారి కుండ ముడితె ఊకోనని అత్త పట్టు పట్టిందంట. అందుకే నాకు తారీఖు తప్పు చెప్పిండు. ముట్టంటె ఊర్లె ఎవ్వరు మారు మాట్లాడరని, అంత నా ఇజ్జత్ కోసమేనని అన్నడు.

నా ఇజ్జతా! అత్త మీద గాదు నాకు మంట. ఆమె ఏదైనా మొహం మీదనే అంటది. చదువుకో అన్న నోటితోనే గింత అబద్ధం ఎట్ల ఆడిండు? నేను ఎంత పిచ్చిదాన్ని, ఆయన చెప్పిన తారీఖు పట్టుకొని కొత్త చీర ఇస్త్రీ చేపిచ్చిన.

25 జులై
అన్నం పెడుతున్న. మాట్లాడుతలేను.

28 జులై, ఆదివారం
సెలవు ఉండనే ఉంది. కొత్త కుండకు పసుపు రాసి బోనం వండిన. చీర కట్టలే. తెల్ల యూనిఫాం ఏసుకున్న. బస్సుల కుండ ఒళ్లె పెట్టుకున్న, పాల్మాకుల దిగి నెత్తికెత్తుకున్న. శివమ్మ బిందె పట్టుకొని ఉరికొచ్చి, బోనమెత్తినోళ్లకు పోసినట్టె నా కాళ్ల మీద నీళ్లు పోసింది.

ఎనక నుంచి గోవర్ధన్ పిలుస్తున్నడు. నెత్తి మీద బోనముంది. మర్లి చూడలే.