మత్తు దిగేటప్పుడు

మార్చి 3

ఈరోజు తన్నింది రిటైర్డ్ హెడ్‌మాస్టరు. హెర్నియా ఆపరేషన్. గొంతులో ట్యూబ్ తీశారో లేదో, కాలెత్తి నా పొట్టలో ఒక్క తన్ను! తర్వాత కళ్ళు తెరిచి బుద్ధిగా మంచినీళ్ళు అడిగాడు. ఏమీ గుర్తులేదట. ఎందుకుంటుంది? ఆ తెల్లటి మత్తుమందు ముందు జ్ఞాపకాన్నే మింగుతుంది. దిగేటప్పుడు వరస వేరు. ముందు చెవులొస్తాయి, తర్వాత కాళ్ళూ చేతులూ, అన్నిటికంటే ఆఖర్న మనిషొస్తాడు. ఆ మధ్యలో దెబ్బలు తినడానికి రికవరీ రూములో నర్సుని, నేనున్నాగా.

మార్చి 9

చెల్లి దవడ రెండు చోట్ల విరిగింది. బాత్రూములో జారిందట. మరిది పక్కనే నిలబడి చెప్పాడు. సబ్బునీళ్ళట. ఎన్నిసార్లు చెప్పినా వినదట.

మార్చి 10, మధ్యాహ్నం

ప్లేటు వేసి, పళ్ళకి వైరు చుట్టి నోరు మూసేశారు. నా దగ్గరికే తెచ్చారు. మత్తు దిగుతోంటే కాస్త ఎడంగా నిలబడ్డా, ఎలాగూ కొడుతుందని. చిన్నప్పుడు నా జుట్టు పీకి నా చేతిలోనే పెట్టిన రాక్షసి అది.

కొట్టలేదు. మోకాళ్ళు పొట్టలోకి లాక్కుంది. రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది. బిగించిన పళ్ళ మధ్యనుంచి లేచా, లేచా, కొట్టకు అంది. నేనేనే అన్నకొద్దీ ఇంకా ముడుచుకుంది. సెలైన్ సూది ఊడి దుప్పటంతా రక్తం.

మత్తు డాక్టరు మందు ప్రభావం అన్నాడు. నీ మొహం! మందు చేతులు లేపుతుంది గానీ ఎందుకు లేపాలో నేర్పదు.

మార్చి 11

వాణ్ణి చంపేస్తా.

మార్చి 12

చంపే మందు నా అల్మారాలోనే ఉంది. ఒక్క సిరంజి. కండరాలన్నీ చచ్చుబడతాయి, ఊపిరితో సహా. తెలివి మాత్రం పోదు. అన్నీ తెలుస్తుంటాయి, వేలు కదపలేడు. పొద్దుటినుంచీ అదే ఆలోచన. సాయంత్రం అల్మారా తాళం ఇంకో నర్సుకి ఇచ్చేసి వచ్చా.

మార్చి 16

డిశ్చార్జి. మరిది మందులు కొనడానికి వెళ్ళినప్పుడు చెల్లికి చెప్పేశా, మత్తులో ఏం చేసిందో. అదంతా మందు అని కొట్టిపారేసింది. హెడ్‌మాస్టరు తన్ను సంగతి చెప్పా. నా మోచెయ్యి కొరికిన ఎనభై ఏళ్ళ ముసలమ్మ సంగతీ చెప్పా. తిరగబడేవాళ్ళనే చూశానే, ఇలా ముడుచుకున్నది నువ్వొక్కదానివే అన్నా. నాతో వచ్చెయ్యమన్నా.

ముసలమ్మ కూడానా అని అడిగింది. ముసలమ్మ కూడా అన్నా.

వాడు రాగానే సంచి తీసుకుని వెనకే వెళ్ళిపోయింది. ఏడుపొచ్చింది. దాన్ని కూడా రెండు పీకాలనిపించింది.

ఏప్రిల్ 2

ఫోనెత్తదు.

ఏప్రిల్ 27

వైర్లు తీయించుకుని వెళ్ళిందట. నన్ను కలవలేదు.

మే 8

మరిది అడ్మిట్ అయ్యాడు. ఎడంచెయ్యి, మోచేతికీ మణికట్టుకీ మధ్య ఎముక విరిగింది. బాత్రూములో జారాడట. నా మొహం చూడకుండా చెప్పాడు. జారి చెయ్యి ఆనిస్తే సాధారణంగా మణికట్టు పోతుంది. ఇది దెబ్బకి చెయ్యి అడ్డం పెడితే విరిగే చోటు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎవరు కొట్టారయ్యా అన్నాడు. ఎవరూ కొట్టలేదన్నాడు.

చెల్లి పక్కనే నిలబడింది. కింది పెదవి కొత్తగా చిట్లి ఉంది. అంటే మొదలుపెట్టింది వాడే. రేపు ఆపరేషన్.

మే 9

మత్తు దిగింది. కట్టు కట్టిన చెయ్యి కూడా లేపి తల దాచుకున్నాడు. కొట్టకే, కొట్టకే అన్నాడు. మత్తు డాక్టరు మందు ప్రభావం అన్నాడు. అవును సార్ అన్నా.

చెల్లి మా ఇంటి తాళంచెవి అడిగి తీసుకుంది. సంచి పక్కన పెట్టుకుని బయట బెంచీ మీద ఆపిల్ తింటోంది. కరకరా ఇక్కడికి వినిపిస్తోంది.