సాపు చేసిన పిన్ను

మద్రాసు,
6-2-1958, గురువారం.

నాయనకు రసూలు సలాములు.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించొద్దు. బాగున్నానని మాత్రం చెప్పు. నేను బాగాలేను నాయనా. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

పందెం కార్ల షెడ్డులో పని నేర్చుకోవడానికి వచ్చి ఎనిమిది నెలలయింది కదా. ఇంకో నాలుగు నెలలుంటే సర్టిఫికెట్టు చేతికొస్తుంది. ఇక్కడ పొద్దున పూట ఇంజను, బ్రేకులు, స్టీరింగు పని. మధ్యాహ్నం బల్లల మీద కూర్చోబెట్టి పందెం రోజు ఎవరు ఎక్కడ నిలబడాలి, టైర్లు ఎన్ని సిద్ధం చేసుకోవాలి, గడియారం పట్టుకుని చుట్లు ఎలా లెక్క రాయాలి, అన్నీ చెప్తారు. చెప్పేది ప్రేమానందం మాస్టారు. గుంటూరు వైపు మనిషి. ఆయన దగ్గర ఒక పద్ధతుంది. ఏ పని చేసినా కాగితం మీద ఆ పనికి ఎదురుగా చేసినవాడు సంతకం పెట్టాలి. పోయిన నెలలో ఒకతను టైర్ల గాలి చూడకుండానే చూశానని సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికల్లా పెట్టె సర్దించి రైలెక్కించారు.

మొన్న మంగళవారం నాకు స్టీరింగు రాడ్డు పని ఇచ్చారు. రాడ్డు చివర నట్టు ఊడిపోకుండా రెండు కాళ్ల పిన్ను గుచ్చి కాళ్లు వంచుతాం కదా, ఆ పని. పాత పిన్ను తీసి పారేసి కొత్తది వెయ్యాలని ఇక్కడ రూలు. స్టోరులో కొత్త పిన్ను ఇచ్చారు, చొక్కా జేబులో వేసుకున్నాను. కారు కింద దూరాను. తర్వాత నా చేతులు ఏం చేశాయో చూడు. పాత పిన్ను లాగి, రాయి మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి సాపు చేసి, మళ్లీ అదే గుచ్చి, కాళ్లు వంచేశాయి. మన ఊళ్లో బస్సు షెడ్డులో నీ పక్కన కూర్చుని చిన్నప్పటినుంచీ చేసినట్టే. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. బయటికొచ్చి ‘కొత్త పిన్ను వేశాను’ అని సంతకం పెట్టాను. సాయంత్రం స్నానానికి చొక్కా విప్పుతుంటే జేబులోంచి కొత్త పిన్ను కింద పడింది.

పరిగెత్తాను. అప్పటికే కారును లారీ మీద షోలవరం తీసుకెళ్లిపోయారు. అక్కడ పాత విమానాల మైదానంలో ఆదివారం పందెం. కార్లన్నీ తాళంలో పెట్టి కాపలా ఉంచారు. నాబోటివాణ్ణి దగ్గరికి కూడా రానివ్వరు. చెప్తే తప్ప ఇక దారి లేదు. చెప్తే నన్ను పంపించేస్తారు. ఊరంతా చెప్పుకుని వచ్చానే, ఏ మొహం పెట్టుకుని బస్సు దిగను? చెప్పకపోతే... ఆ కారు తోలేది జగన్నాథరావు గారు. పెళ్లయి ఏడాది. షెడ్డుకి వచ్చినప్పుడల్లా వేరుశనగకాయలు తెచ్చి మా అందరికీ పంచుతాడు. ఆ వేగంలో స్టీరింగు ఊడితే ఆయన ఒక్కడే కాదు, తాడు అవతల నిలబడ్డ జనం కూడా. కళ్లు మూసుకుంటే అదే కనపడుతోంది నాయనా.

నువ్వు తోలే మన బస్సుకి ఏనాడూ ఏమీ కాలేదు కదా, దీనికీ ఏమీ కాదులే అని మనసుకి చెప్పుకుంటున్నాను. మనసు వినడం లేదు. ఈ ఉత్తరం నీకు అందేసరికి శనివారం అవుతుందేమో. నువ్వు పక్కనుంటే బాగుండేది.

నీ కొడుకు,
రసూలు.


మద్రాసు,
10-2-1958, సోమవారం.

నాయనకు,

శనివారం నుంచీ షోలవరంలోనే ఉన్నాం, నీ తంతి ఇవాళ పొద్దున తిరిగొచ్చాక చేతికందింది. ‘వెంటనే చెప్పు’ అన్నావు. నిన్ననే చెప్పేశాను.

ముందే చెప్పాననుకోకు. శుక్రవారం చెప్దామని వెళ్లి తిరిగొచ్చాను. శనివారం మాస్టారి ఎదురుగా నిలబడి, మంచినీళ్లు కావాలాండి అని అడిగి వచ్చేశాను. నిన్న పొద్దున కారు బయటికి తీశారు. జగన్నాథరావు గారు చేతి తొడుగులు వేసుకుంటూ నా వైపు చూసి, "ఏం రసూల్, అంతా బాగేనా?" అన్నాడు. ఎప్పుడూ అడిగేదే. కారు ముందు నేల మీద కూలబడ్డాను. "వెళ్లొద్దండీ, వెళ్లొద్దండీ" అని ఏడ్చేశాను. అంతమంది ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను నాయనా.

మాస్టారు కారు పక్కకి తోయించారు. తానే కింద దూరి పిన్ను తీశారు. ఈలోగా జెండా ఊపేశారు, మా కారు లేకుండానే పందెం అయిపోయింది. ఏడాది పాటు పదిమంది పడ్డ కష్టం. ఎవరికి వారు సామాన్లు సర్దుకున్నారు. పిన్ను చూస్తే బాగానే ఉంది, విరగలేదు, ఏమీ లేదు. "ఈ మాత్రానికా?" అని ఎవరో అన్నారు. నాకూ ఒక్క క్షణం అనిపించింది, నోరు మూసుకుని ఉంటే పోయేదేమో అని. అలా అనిపించినందుకు ఇంకా భయమేసింది.

మాస్టారు తిట్టలేదు. "సాపు చేసి వెయ్యడం నీకెవరు నేర్పారు?" అని మాత్రం అడిగారు.

"ఎవరూ నేర్పలేదండి. నా అంతట నేనే" అన్నాను.

ఆయన నమ్మలేదనుకుంటా. నన్ను కార్ల దగ్గరికి రావద్దన్నారు. వచ్చే సోమవారం పెద్దలందరూ కూర్చుని నన్ను ఉంచాలో పంపాలో తేలుస్తారట. అప్పటిదాకా స్టోరులో నట్లు తుడుస్తున్నాను. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం. కానీ జవాబు మాత్రం రాయి.

రసూలు.


నందిగామ,
13-2-58.

ఒరే రసూలూ,

నీ రెండు ఉత్తరాలూ అందినయ్. రాయడం నాకు అలవాటు తక్కువని నీకు తెలుసు. ఓపిగ్గా చదువుకో.

శనివారం పొద్దున బస్టాండులో పోస్టుమాను నీ మొదటి ఉత్తరం చేతికిచ్చాడు. బస్సు నిండా జనం. టీ కొట్టు బల్ల మీద కూర్చుని చదివా. ఒళ్లు మండిపోయింది. చెయ్యని పనికి సంతకం పెడతావురా వెధవా అని పైకే తిట్టా, పక్కవాళ్లు నన్ను వింతగా చూశారు. తిన్నగా పోస్టాఫీసుకెళ్లి తంతి కొట్టించా. కొడుక్కి బుద్ధి చెప్పానని మహా గొప్పగా వచ్చి స్టీరింగు ముందు కూర్చుని బెజవాడ దారి పట్టించా.

కంచికచర్ల దాటాక తట్టింది నాకు. నేను కూర్చున్న బండి కింద ఉన్న పిన్నులన్నీ ఎవరు సాపు చేసి పెట్టినవి?

ఇరవై ఏళ్లుగా తోలుతున్న రోడ్డు, ఎప్పుడూ చూడనట్టు కనపడింది. ఎదురుగా ఎడ్లబండి వస్తోంది, స్టీరింగు తిప్పాలంటే భయం. పరిటాల ఇంకా రాకముందే బండి పక్కకి ఆపి అందర్నీ దిగమన్నా. కండక్టరు స్తెఫను నాకు పిచ్చెక్కిందనుకున్నాడు. జగ్గయ్యపేట సౌభాగ్యమ్మ గారు కూతుర్ని కాన్పుకి బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్తోంది. "పిల్లకి నొప్పులొస్తుంటే నడిరోడ్డు మీద దించుతావా, నీ బస్సు తగలెయ్య!" అని ఒకటే శాపనార్థాలు. విన్లేదు. కింద దూరా.

స్టీరింగు రాడ్డు పిన్నుకి ఒక కాలు లేదు. రెండోది పట్టుకోగానే చేతిలోకొచ్చింది. నట్టు వేలితో తిప్పితే తిరిగింది.

ఎంతసేపు అట్లా కింద పడుకున్నానో తెలియదు. స్తెఫను కాళ్లు పట్టుకుని బయటికి లాగాడు. జనాన్ని వెనకొచ్చిన బస్సులో ఎక్కించి పంపించాం. ఆ పిల్లకి ఆడపిల్ల పుట్టిందట, ఇద్దరూ క్షేమం. ఆ మాట వినేదాకా నాకు పచ్చి మంచినీళ్లు దిగలేదు.

ఓనరు వరప్రసాదరావు గారి దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పా. "ఇరవై ఏళ్లుగా లేనిది ఇప్పుడేమొచ్చిందయ్యా పీరా?" అన్నాడు. "భయమొచ్చిందండి" అన్నా. రెండు బస్సులకీ అన్ని పిన్నులూ మారిస్తే గానీ తోలనని చెప్పేశా. కోపంగానే ఉన్నాడు. ఉండనీ.

నువ్వు ఎవరూ నేర్పలేదని ఎందుకన్నావురా? నా పరువు కాపాడదామనుకున్నావా? నేనే నేర్పా. పారెయ్యడమెందుకురా, బంగారంలా ఉంది అని నీ చేత సుత్తి పట్టించింది నేనే. ఈ ఉత్తరం తీసుకెళ్లి ప్రేమానందం గారి చేతిలో పెట్టు. విరిగిన పిన్ను కవర్లో పెట్టా, అదీ ఇవ్వు. మా నాయన పేరు పీరా, నేర్పింది ఆయనే అని చెప్పు. ఉంచుకుంటే ఉండు. పొమ్మంటే వచ్చెయ్, బస్సు దిగడానికి సిగ్గుపడకు, నేనే ఎదురొస్తా.

ఏదైనా సరే, ముందు ఒక పని చెయ్యి. బండి కింద ఏమేమి ఉన్నయ్యో, ఏది ఎన్నాళ్లకి మార్చాలో ఆయన్నడిగి ఒక కాగితం మీద రాసి పంపు. నా కళ్లకి ఆనేటట్టు పెద్ద అక్షరాలతో రాయి. పిన్ను ఒక్కటే నాకిప్పుడు తెలిసింది. ఇంకేమేమి తప్పు చేస్తున్నానో ఎవరికి తెలుసు? నిన్న కొత్త పిన్నులు వేసిన బండిని షెడ్డులోంచి బయట పెట్టమని స్తెఫను అడిగితే ఎక్కి కూర్చున్నా. ఎవరూ లేరు, ఖాళీ బండి. పది గజాలు కూడా పోనివ్వలేక దిగొచ్చేశా. నువ్వు త్వరగా రాయి రా.

మీ నాయన,
పీరా.