ముగ్గురికీ ఒకటే నంబరు

ఆగస్టు 4, సోమవారం
బడిలో ఆడవాళ్ళ క్యాంపు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకముందే పట్టుకునే పరీక్షట. ఏ జబ్బూ లేనివాళ్ళను పిలిచి మరీ చూస్తామంటే నమ్మేదెలా? ఉచితం అన్న మాట వింటే నా చెయ్యి కొంగుముడి మీదికి పోతుంది. అయినా వెళ్ళాను — కోడలు సునీత, పక్కింటి ఖతీజా బెదురుతుంటే. అరవై రెండేళ్ళదాన్ని, నాకేమొస్తుందని ముందు నేనే చేయించుకున్నాను. ఫోన్ నంబరు అడిగితే ముగ్గురమూ నాదే చెప్పాం. వాళ్ళ ఫోన్లు మొగుళ్ళు తీసి చూస్తారు. మొగుడు పోయినదాని బటన్ ఫోన్ ఎవడు చూస్తాడు!

ఆగస్టు 12, మంగళవారం
మెసేజ్. రిపోర్టు విషయమై గురువారం ఆసుపత్రికి రమ్మని. పేరు లేదు. ఓటీపీ దొంగలే... చెరిపేశాను.
నేను చదువు నేర్చింది కుట్టుపనిలో జాకెట్ల కొలతలకు కత్తిరించిన పాత పేపర్ల మీద. ఏ వార్తయినా చంక దగ్గర తెగిపోయేది. పెళ్ళి పందిట్లోంచి మాయమైన పిల్ల దొరికిందో లేదో ఇప్పటికీ తెలియదు. సగం మాట చెప్పేవాడంటే అందుకే అనుమానం.

ఆగస్టు 13
మళ్ళీ అదే. దొంగ రెండోసారి ఇంత మర్యాదగా పిలవడు. సునీతకు చూపించాను.
"మనలో ఎవరికత్తయ్యా?"
గోడ మీంచి ఖతీజా — "నాకే పిన్నిగారూ. నడుం లాగుతోందిగా."
నాకూ అదే అనుమానం. కుట్టేవాళ్ళ కళ్ళు కదా... టేపు పెట్టకుండానే ఆమె చిక్కిందని తేల్చేశాను.

ఆగస్టు 14, గురువారం
మంగళగిరి నుంచి ఆటో. ఏటి మీది వారధి దాటి పెద్దాసుపత్రికి చేరాం.
నర్సు రిజిస్టరు మీద వేలు జరిపి — "ఒక్క నంబరుకి మూడు పేర్లా! మీ ఇద్దరికీ ఏం లేదు, అయిదేళ్ళకి మళ్ళీ చేయించుకోండి. పెద్దమ్మగారూ, మీరు లోపలికి రండి."
నేనా... తోడొచ్చినదాన్ని కదా!
"క్యాన్సరని కాదండీ. వైరస్ కనపడింది. చిన్న ముక్క తీసి చూస్తారు. ఏదన్నా మొదలైనా ఇప్పుడైతే తేలిగ్గా పోతుంది."
తలూపాను. నమ్మి కాదు.
ముక్క తీశారు. పదిరోజుల్లో కబురట. నంబరు అడిగింది. సునీత ముందుకొచ్చి — "నాది రాయండి మేడం. ఈవిడ చెరిపేస్తారు."
"మావాడు చూస్తాడే!"
"చూడనీండి."
ఖతీజా నడుంనొప్పి మాత్రం అక్కడే తగ్గిపోయింది.

ఆగస్టు 25, సోమవారం
పదకొండో రోజు. పొద్దున సునీత ఫోన్‌లో మెసేజ్ మోగింది. అబ్బాయే తీశాడు. రెండుసార్లు చదివాడు.
"అమ్మా, చీర మార్చుకో. నేనూ వస్తా."
ఫోన్ తన జేబులో వేసుకున్నాడు. వార్త మళ్ళీ చంక దగ్గరే తెగింది.