గుమ్మడి గుజ్జు, నాలుగు కోళ్లు

పాపతల్లికి,

నీ కోళ్లు నాలుగూ బతికే ఉన్నాయి, బెంగపడకు. నువ్వు పుట్టింటికి వెళ్లాక కుంటిపెట్ట మేత మానేసి మూల కూర్చుంది. గుమ్మడి వేయమన్నావు కదా అని తొక్కలు వేశాను, ఒక్కటీ ముట్టలేదు. పక్కింటి దర్జీ అత్త చూసి, "కూర నువ్వు తిని తొక్కలు వాటికా? గుజ్జూ గింజలూ వెయ్యవయ్యా!" అని గడ్డి పెట్టింది. వేశాను. కుంటిది మిగతా మూడింటినీ తోసేసి మరీ తింది. నిన్న గుడ్డు కూడా పెట్టింది.

పాపకి జలుబు తగ్గిందా? నా కళ్లద్దాలు ఎక్కడ పెట్టావు? మీ అమ్మగారికి నమస్కారాలు.

అన్నట్టు, కోళ్ల కంట పడని గింజ ఒకటి గూటి పక్కన మొలిచింది. అవి పొడవకుండా, పాప ఉయ్యాలకని కొన్న దోమతెర దానికి కట్టేశాను. తిట్టాలనుంటే త్వరగా వచ్చి తిట్టు.

పాప నాన్న